మొత్తాలన్నీ సరిపోయినా జవాబు ఎందుకు తప్పింది?

తన పేరు వెల్లడించవద్దని కోరిన ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా పొడవైనది కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను. ఆమె కుమారుడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. బీజగణితం చకచకా చేసే ఆ అబ్బాయి, తెలియని కోణాలు కనుక్కోమనే లెక్కల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పటం వంక ఒకసారి చూసి జవాబు చెప్పేస్తాడు. సోపానాలు రాయమంటే విసుక్కుంటాడు. జవాబు కొన్నిసార్లు సరిపోతుంది, ఎక్కువసార్లు తప్పుతుంది. ఇటీవల ఒక లెక్క దగ్గర ఈ తగవు ముదిరింది. ఆ లెక్క ఇది: ఏబీసీడీ ఒక సమలంబ చతుర్భుజం, అందులో ఏబీ, డీసీ సమాంతర భుజాలు, ఏబీ పెద్దది, ఏడీ, డీసీ, సీబీ మూడూ సమానం, కర్ణం ఏసీ, భుజం ఏబీ సమానం, నాలుగు కోణాలూ కనుక్కోవాలి.

అబ్బాయి పటం చూసి, మూడు భుజాలు సమానం కాబట్టి ఇది క్రమ షడ్భుజిలో సగమని తేల్చి, ఏ, బీ కోణాలు 60 డిగ్రీలు, సీ, డీ కోణాలు 120 డిగ్రీలు అన్నాడు. తల్లి జాగ్రత్తగా సరిచూశారు. సమాంతర భుజాల మధ్య కోణాల మొత్తం 180 వచ్చింది, నాలుగు కోణాల మొత్తం 360 వచ్చింది, కర్ణం విడదీసిన రెండు త్రిభుజాల్లోనూ మొత్తం 180 వచ్చింది. ఆమె టిక్కు పెట్టారు. పుస్తకం వెనక జవాబు 72, 108 అని ఉంది. ఆ రాత్రి ఆమె స్వయంగా కూర్చుని, ఎక్స్, వై అనుకుని సమీకరణాలు రాస్తే చివరకు సున్నా సమానం సున్నా అని తేలింది. పక్కనుంచి చూసిన అబ్బాయి, "నీకూ రాదు కదమ్మా, ఎందుకీ తంటా" అన్నాడు. అప్పటినుంచి నోటుబుక్కు చూపించడం మానేశాడు. ట్యూషన్‌లో చేర్పించి ఊరుకోమని భర్త సలహా. తనకే గణితం ఒంటబట్టలేదా, ట్యూషన్ మంచిదా, సూత్రాలన్నీ కంఠస్థం చేయిస్తే చాలునా, అసలు మొత్తాలన్నీ సరిపోయాక జవాబు ఎలా తప్పుతుంది, అన్నవి ఆమె ప్రశ్నలు. ఇద్దరూ చేసిన లెక్కల ప్రతులు కూడా జత చేశారు.

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఇంట్లో తగవు ఆ లెక్కలోనే దాగి ఉంది. మీరు పంపిన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కూడికల్లో గాని, తీసివేతల్లో గాని ఎవరూ పొరపాటు చేయలేదు. మీ అబ్బాయి ఒక దత్తాంశాన్ని, అంటే లెక్కలో ఇచ్చిన ఒక విషయాన్ని, వదిలేశాడు, మీరు మరొక దత్తాంశాన్ని వదిలేశారు. అతడు వదిలింది ఏసీ, ఏబీ సమానమన్న మాట. మీరు వదిలింది సీబీ కూడా ఏడీకి సమానమన్న మాట.

ముందుగా అబ్బాయి కాగితం చూద్దాం. ఏడీ, డీసీ సమానం కాబట్టి త్రిభుజం ఏడీసీ సమద్విబాహు త్రిభుజం. డీఏసీ, డీసీఏ కోణాలు సమానం. ఆ కోణాన్ని ఎక్స్ అనుకుందాం. ఏబీ, డీసీ సమాంతరం కాబట్టి, ఏసీ తిర్యగ్రేఖగా, సీఏబీ కోణం డీసీఏకు ఏకాంతర కోణం, అదీ ఎక్స్. అంటే శీర్షం ఏ దగ్గర కోణం రెండు ఎక్స్‌లు. సమాంతరం కాని భుజాలు రెండూ సమానం కాబట్టి బీ దగ్గరా రెండు ఎక్స్‌లే. అతడి మనసులో ఉన్నది ఇంతవరకే, ఇంతవరకు అంతా సరైనదే. అయితే ఇక్కడినుంచి ఎక్స్ 30 అని చెప్పే ఆధారం ఏదీ లేదు. ఎక్స్ 20 అనుకుని చూడండి. ఏ, బీ కోణాలు 40, సీ, డీ కోణాలు 140, కర్ణానికి ఒకవైపు త్రిభుజంలో 20, 20, 140, రెండో వైపు 20, 40, 120. అన్ని మొత్తాలూ సరిపోయాయి. 25 అనుకున్నా సరిపోతాయి, 40 అనుకున్నా సరిపోతాయి. మూడు సమానమైన పుల్లలను చివరల దగ్గర కదిలేలా దారంతో కట్టి, మొదటి చివర, ఆఖరి చివర ఉండే దూరాన్ని మార్చుకుంటూ, మధ్య పుల్లకు ఇరువైపులా వంపు ఒకేలా ఉంచితే ఈ సమలంబ చతుర్భుజాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మీ చేతుల్లోనే ఏర్పడతాయి. ఏబీ పెద్ద భుజంగా ఉన్నంతవరకు ఎక్స్ 45 కన్నా తక్కువగా ఎంతైనా ఉండవచ్చు. 45 అయినప్పుడు అది చతురస్రమైపోతుంది. ఇన్ని ఆకారాల్లో మనకు కావలసిన ఒక్కదాన్ని ఏరి ఇచ్చేది ఏసీ, ఏబీ సమానమన్న దత్తాంశమే. దాన్ని తాకకుండా వచ్చిన జవాబు ఏదైనా, మొత్తాలు ఎంత చక్కగా సరిపోయినా, ఊహే.

అతడి జవాబును తోసిపుచ్చడానికి వెనక పేజీ కూడా అక్కరలేదు. షడ్భుజిలో సగం అయితే త్రిభుజం ఏబీసీలో కోణాలు 30, 60, 90; లంబకోణం సీ దగ్గర ఉంది. లంబకోణానికి ఎదుటి భుజం ఆ త్రిభుజంలో అన్నిటికన్నా పెద్దది, అది ఏబీ. అలాంటప్పుడు ఏసీ దానికి సమానం ఎలా అవుతుంది? మీరు అతడికి చెప్పవలసింది ఈ ఒక్క వాక్యమే. ఇది తల్లి తీర్పుగా వినిపించదు, లెక్కే చెప్పినట్టు ఉంటుంది.

ఇక మీ కాగితం. మీరు ఏసీ, ఏబీ సమానమన్నది వాడుకున్నారు. అందువల్ల ఏబీసీ, ఏసీబీ కోణాలు సమానం, రెండింటినీ వై అన్నారు. త్రిభుజం ఏబీసీ నుంచి ఎక్స్, రెండు వైలు కలిపి 180 అని మొదటి సమీకరణం రాశారు. తర్వాత బీ, సీ కోణాల మొత్తం 180 అన్న సమాంతర రేఖల నియమంతో రెండో సమీకరణం రాశారు: బీ దగ్గర వై, సీ దగ్గర ఎక్స్, వై కలిసి ఉన్నాయి. అదీ ఎక్స్, రెండు వైలు కలిపి 180 అనే వచ్చింది. ఒకదానిలోనుంచి మరొకటి తీసివేస్తే సున్నా మిగలక ఏం మిగులుతుంది?

ఈ రెండూ ఒకే సమీకరణం కావడం యాదృచ్ఛికం కాదు, దీనికి లోతైన కారణం ఉంది. త్రిభుజంలో కోణాల మొత్తం రెండు లంబకోణాలని ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' మొదటి భాగంలో 32వ ప్రతిపాదనగా నిరూపించాడు. అక్కడ అతడు చేసిన పని, త్రిభుజపు ఒక శీర్షం గుండా ఎదుటి భుజానికి సమాంతర రేఖ గీసి, 29వ ప్రతిపాదనలో చెప్పిన సమాంతర రేఖల నియమాలను వాడడమే. మీ పటంలో త్రిభుజం ఏబీసీ శీర్షం సీ గుండా ఏబీకి సమాంతరంగా పోయే రేఖ అప్పటికే గీసి ఉంది. అదే డీసీ. కాబట్టి మీరు త్రిభుజం నియమం ఒకసారి, సమాంతర రేఖల నియమం ఒకసారి రాసినప్పుడు ఒకే వార్తను రెండు నోళ్ల విన్నారు. ఏ, డీ కోణాల మొత్తం కూడా ప్రయత్నించి 180 సమానం 180 అని వచ్చిందని అంచున రాశారు కదా, దానికీ కారణం ఇదే. సమలంబ చతుర్భుజాల్లో ఈ ఉచ్చు పదేపదే ఎదురవుతుంది. సున్నా సమానం సున్నా వచ్చిందంటే లెక్క తప్పు చేశారని కాదు, కొత్త సమాచారం ఏదీ ఇవ్వకుండానే జవాబు అడుగుతున్నారని అర్థం. అప్పుడు చేయవలసింది మరో మొత్తం రాయడం కాదు, దత్తాంశం దగ్గరికి తిరిగి వెళ్లి ఏది ఇంకా ముట్టుకోలేదో చూడడం.

మీరు ముట్టుకోనిది సీబీ. అది ఏడీకి సమానమన్న మాటను కోణంగా మార్చాలంటే పటంలో ఒక గీత కావాలి. సీ నుంచి డీఏకు సమాంతరంగా ఒక రేఖ గీసి, అది ఏబీని తాకిన బిందువుకు 'ఈ' అని పేరు పెట్టండి. ఏఈసీడీ సమాంతర చతుర్భుజం కాబట్టి సీఈ, డీఏ సమానం. డీఏ, సీబీ సమానమని ఇచ్చారు. కాబట్టి సీఈ, సీబీ సమానం. త్రిభుజం సీఈబీ సమద్విబాహు త్రిభుజం, సీఈబీ కోణం బీ కోణానికి సమానం. మరోపక్క, సీఈ, డీఏ సమాంతరం కాబట్టి సీఈబీ కోణం శీర్షం ఏ దగ్గరి కోణానికి సమానం. అంటే ఏ, బీ కోణాలు సమానం, వై రెండు ఎక్స్‌లకు సమానం. మీ మొదటి సమీకరణంలో పెట్టండి: ఐదు ఎక్స్‌లు 180, ఎక్స్ 36. ఏ, బీ కోణాలు 72, సీ, డీ కోణాలు 108.

ఇక్కడ చిన్న మాట ఒకటి. సమలంబ చతుర్భుజం అంటే ఒకే ఒక జత భుజాలు సమాంతరంగా ఉన్నదని మీ అబ్బాయి పుస్తకం నిర్వచిస్తే, ఆ పేరు కూడా దత్తాంశమే. ఆ ఆంక్ష లేకపోతే, 60, 120 డిగ్రీల కోణాలున్న రాంబస్ (నాలుగు భుజాలూ సమానమైన చతుర్భుజం) కూడా ఈ లెక్కలోని సమానతలన్నిటినీ తీరుస్తుంది: అందులో బీ కోణం 60, చిన్న కర్ణం ఏసీ భుజానికి సమానం. మనం గీసిన సీఈ అప్పుడు సీబీ మీదే పడుతుంది, త్రిభుజం సీఈబీ అన్నదే ఉండదు. మీ లెక్కలో ఏబీ పెద్దదని విడిగా చెప్పారు కాబట్టి ఆ చిక్కు లేదు.

అబ్బాయికి తప్పకుండా చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. అతడు పటాన్ని చూసి ఇది ఏదో క్రమ బహుభుజిలో ముక్క అనుకున్నాడు కదా, ఆ ఊహ చాలా దగ్గరికి వచ్చింది. ఇది నిజంగా క్రమ బహుభుజిలో ముక్కే. షడ్భుజి కాదు, పంచభుజి. క్రమ పంచభుజిలో ఒక కర్ణం గీసి, ఒక మూల త్రిభుజాన్ని తీసేస్తే మిగిలేది సరిగ్గా ఈ సమలంబ చతుర్భుజం. పంచభుజి అంతర కోణం 108, కర్ణాలన్నీ ఒకే పొడవు. అందుకే ఏసీ, ఏబీ సమానమని ఇచ్చారు, ఆ రెండూ పంచభుజి కర్ణాలే. చూపుకు ఇలాంటివి తట్టడం చిన్న విషయం కాదు. ఇంత పదునైన చూపున్న పిల్లవాణ్ణి "ఊహించకు" అని కట్టడి చేయడం నాకు నచ్చదు. ఊహ తర్వాత ఏం చేయాలో అతడికి ఎవరూ నేర్పలేదు, అంతే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. సూత్రాలు కంఠస్థం చేయించడం మొదటిది. దీన్ని ఎక్కువసేపు చర్చించను. ఈ లెక్కలకు కావలసిన నియమాలు చాలా కొద్ది: సరళరేఖ మీది కోణాలు, శీర్షాభిముఖ కోణాలు, సమాంతర రేఖల కోణాలు, త్రిభుజం మొత్తం, బాహ్య కోణం, సమద్విబాహు త్రిభుజం. మీ అబ్బాయికి ఇవన్నీ వచ్చు, అతడి కాగితమే సాక్ష్యం. పైగా షరతులు విడిచి కంఠస్థం చేస్తే కొత్త తప్పులు పుడతాయి. "సమలంబ చతుర్భుజంలో ఏ, బీ కోణాలు సమానం" అని బట్టీ పట్టిన పిల్లలు, పక్క భుజాలు సమానం కాని పటంలోనూ అదే రాస్తారు.

ట్యూషన్ రెండోది. దీనికి నేను వ్యతిరేకిని కాను. ప్రతి పంక్తి పక్కన కారణం రాయమని అడిగే ఉపాధ్యాయుడు దొరికితే మీ ఇద్దరి మధ్య ఉద్రిక్తత ఒక్కసారిగా తగ్గవచ్చు. పదిహేనేళ్ల లోపు పిల్లలు బయటివారి మాట వినేంత తేలికగా తల్లి మాట వినరు. అయితే రెండు పర్యవసానాలు ఆలోచించుకోండి. వేగంగా ఎక్కువ లెక్కలు చేయించే చోట చేర్పిస్తే చూసి చెప్పే అలవాటు ఇంకా గట్టిపడుతుంది, ఎందుకంటే అక్కడ వేగానికే మెప్పు. రెండోది, "నీకూ రాదు" అన్న మరునాడే ట్యూషన్‌కు పంపితే, అమ్మకు రాదన్న తన తీర్పును ఇంట్లో అందరూ ఒప్పుకున్నారని అతడు అనుకుంటాడు. ట్యూషన్‌కే మొగ్గితే ఈ లెక్కను ముందు ఇంట్లో ముగించి, ఆ తర్వాతే పంపండి.

మూడోది, మీరు ఇప్పటిలాగే జవాబులు సరిచూస్తూ ఉండడం. ఇది అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా నష్టం కూడా ఇదే. మీరు టిక్కు పెట్టే మనిషిగా ఉన్నంతకాలం అతడికి కావలసింది టిక్కు మాత్రమే. వెనక పేజీ మీకన్నా నమ్మకంగా టిక్కు పెడుతుంది కాబట్టి మీ అవసరం లేదని అతడు తేల్చుకోవడంలో ఆశ్చర్యమేముంది?

నేను మొగ్గేది నాలుగో దారికి, దీనికి మీకు జవాబు ముందుగా తెలియనక్కరలేదు. లెక్క మొదలుపెట్టే ముందు కాగితానికి ఎడమవైపు దత్తాంశాలను ఒక్కో పంక్తికి ఒకటి చొప్పున అతడి చేత రాయించండి. ప్రతి దానికీ ఎదురుగా, అది ఏ కోణాలను కలుపుతుందో రాయాలి: "ఏడీ, డీసీ సమానం: డీఏసీ, డీసీఏ సమానం" అన్నట్టు. పొడవులు చెప్పే ప్రతి దత్తాంశమూ ఏదో ఒక త్రిభుజంలోకి వెళ్లి కోణంగా మారాలి. మారడానికి త్రిభుజం లేకపోతే, పైన సీఈ గీసినట్టు, గీత గీసి త్రిభుజాన్ని తయారుచేసుకోవాలి. వాడిన దత్తాంశం పక్కన చుక్క పెట్టాలి. అతడి ఊహకు కూడా చోటివ్వండి: కాగితం పైభాగాన "నా ఊహ 60" అని ముందే రాసుకోనివ్వండి, తర్వాత ఆ ఊహ ఒక్కో దత్తాంశం ముందు నిలబడుతుందో లేదో అతడే పరీక్షించాలి. మీ పని ఒక్కటే ప్రశ్న అడగడం: "ఏది ఇంకా మిగిలింది?"

దీని వల్ల వచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. మొదట్లో లెక్కకు పట్టే సమయం బాగా పెరుగుతుంది. అతడు తప్పకుండా గొణుగుతాడు, చిన్న లెక్కల్లో ఇదంతా చాదస్తంగానే కనిపిస్తుంది; రెండు కోణాలిచ్చి మూడోది అడిగే త్రిభుజానికి ఈ తతంగం నిజంగానే అక్కరలేదు, అక్కడ పట్టుబట్టకండి. పరీక్షలు దగ్గరపడి ఉంటే ఇది మొదలుపెట్టడానికి అనువైన సమయం కూడా కాదు; అప్పుడు కారణాలు మాత్రం రాయించి, ఈ పద్ధతిని సెలవులకు వాయిదా వేసుకోవచ్చు. కోణమానినితో కొలవడం గురించి అడిగారు. సరిచూసుకోవడానికి కొలవనివ్వండి గాని, పుస్తకంలో అచ్చయిన పటం కొలతల ప్రకారం గీసినదై ఉండనక్కరలేదని అతడికి తెలియాలి.

మీకే గణితం ఒంటబట్టలేదా అన్న ప్రశ్నకు జవాబుగా, కోణాల మొత్తాలు మాత్రమే వాడి ఎవరూ తేల్చలేని ఒక త్రిభుజం చెబుతాను. 1922లో ఎడ్వర్డ్ మాన్ లాంగ్లీ 'మ్యాథమేటికల్ గెజిట్' అనే గణిత పత్రికలో ఇచ్చిన సమస్య అది. ఏబీసీ సమద్విబాహు త్రిభుజం, బీ, సీ కోణాలు 80, ఏ కోణం 20. బీ నుంచి బీసీతో 60 డిగ్రీలు చేసే రేఖ ఏసీని 'ఈ' అనే బిందువు దగ్గర, సీ నుంచి సీబీతో 50 డిగ్రీలు చేసే రేఖ ఏబీని ఎఫ్ దగ్గర తాకుతాయి. బీఈఎఫ్ కోణం ఎంత? కనిపించే ప్రతి త్రిభుజంలోనూ 180 రాసుకుంటూ పోతే, మీకు వచ్చినట్టే, సున్నా సమానం సున్నా వస్తుంది. జవాబు 30. దాన్ని చేరడానికి బీ నుంచి బీసీతో 20 డిగ్రీలు చేస్తూ ఏసీని జీ దగ్గర తాకే మరో రేఖ గీయాలి. త్రిభుజం బీసీజీలో కోణాలు 20, 80, 80, అందువల్ల బీజీ, బీసీ సమానం. త్రిభుజం బీసీఎఫ్‌లో 80, 50, 50, అందువల్ల బీఎఫ్ కూడా బీసీకి సమానం. బీజీ, బీఎఫ్ సమానమై వాటి మధ్య కోణం 60 కాబట్టి బీజీఎఫ్ సమబాహు త్రిభుజం. త్రిభుజం బీజీఈలో కోణాలు 40, 100, 40 కాబట్టి జీఈ కూడా జీబీకి సమానం, అంటే జీఎఫ్‌కు సమానం. ఎఫ్‌జీఈ కోణం 180 నుంచి 80, 60 తీసివేస్తే 40. కాబట్టి జీఈఎఫ్ 70. అందులోనుంచి 40 తీసివేస్తే 30. కోణాల్లో చిక్కుపడిన సమస్య పొడవుల ద్వారానే విడిపోయింది. మీ కాగితాన్ని దాచకండి, అబ్బాయికి చూపించి, సున్నా సమానం సున్నా ఎందుకు వచ్చిందో అతడినే చెప్పమనండి. అది చెప్పగలిగిన రోజున అతడు ఆ పాఠాన్ని వెనక పేజీ కన్నా బాగా అర్థం చేసుకున్నట్టు.

మీరు మరో లెక్క కూడా ఇవ్వమన్నారు. ఏబీసీడీ సమలంబ చతుర్భుజం, ఏబీ, డీసీ సమాంతరం, ఏడీ, డీసీ సమానం, ఏసీ, సీబీ సమానం, డీ కోణం 110. మిగతా మూడు కోణాలు కావాలి. మొదటి చూపులోనే ఏ, బీ కోణాలు రెండూ 70 అనడానికి అతడు సిద్ధంగా ఉంటాడు. ఏడీ, సీబీ సమానమని ఇందులో ఎక్కడా లేదు. డీఏసీ, డీసీఏ, సీఏబీ మూడూ 35, ఏసీ, సీబీ సమానం కాబట్టి బీ కూడా 35, ఏసీబీ 110. అంటే ఏ కోణం 70, బీ 35, సీ 145.